ఉడతను కాపాడిన సూపర్‌మ్యాన్



పోయిన ఆదివారం వి.కోటలో మా రూములో ఒకే ఫోన్లో ఆరుమందిమి 'సూపర్‌మ్యాన్' చూసినాం. 2025లో జేమ్స్ గన్ తీసింది. పెద్ద మృగం ఊరిని తొక్కేస్తా ఉంటే, ఆయన మధ్యలో ఒక ఉడతను కాపాడతాడు. మేం పడి పడి నవ్వినాం. 2013 'మ్యాన్ ఆఫ్ స్టీల్'లో ఇదే సూపర్‌మ్యాన్ శత్రువు మెడ విరిచేస్తాడు. హీరో అంటే అట్లుండాల అనుకుంటిమి.

తర్వాత మాట కొమరం భీమ్ మీదికి పోయింది. ఆయనకు ఆకాశం నుంచి బలమేమీ రాలేదు. అయినా తనోళ్ల భూమి కోసం నిజాం తుపాకులకు ఎదురు నిలిచి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చినాడు. 'ఆర్ఆర్ఆర్'లో ఆయన పేరున్న హీరో ఆఖర్న అడిగేది చదువే.

చదువు అనేసరికి అందరం ఖాళీ మంచం పక్క చూసినాం. పరీక్ష ఫీజు లేక మా తమ్ముడొకడు మూడు వారాలుగా టమోటా మార్కెట్లో బాక్సులు మోస్తన్నాడు. ఒక్కరమూ పోయి అడగలేదు. ఉడతను చూసి నవ్విందీ మేమే.

సోమవారం తలా కొంత వేసుకొని మార్కెట్‌కు పోయినాం. "వస్తాలేన్నా" అన్నాడు. ఇంకా రాలేదు. ఆ మంచం మీద ఎవరి పెట్టే పెట్టనీయడం లేదు మేం.