బోరు చేసిన బండికి మొదటి సెల్ఫ్

పోస్టు కొంచెం పొడుగున్నది, తీరిక చూసుకొని చదవండి. మీ తండాల, మీ పెంటల జీపో, ఆటోనో, ట్రాక్టరో నడిపేటోళ్లుంటె వాళ్లకు చదివి వినిపించండి.

ఇంజన్ పని చేయించినంక బండి ఓనర్ అడిగే మొదటి మాట ఒక్కటే. "రేపటి నుంచి లోడు ఎక్కించొచ్చా?" అప్పు తెచ్చి పని చేయించినోడు వేరే ఏం అడుగుతడు? కానీ కొత్తగా కట్టిన ఇంజన్ బతికేది, చచ్చేది ఎక్కువగా రెండు జాగల తేలిపోతది. ఒకటి మొదటి నిమిషం. రెండోది మొదటి 500 కిలోమీటర్లు. ఈ రెండు జాగలల్ల ఆగే ఓపిక డబ్బున్నోళ్లకు సులువు. మనకు అది కూలి పోగొట్టుకొని కొనుక్కునే వస్తువు. మేము చూసింది అదే, అందుకే రాస్తున్నం.

మేము అంటె ముగ్గురం. వనపర్తిల ఒకటే హాస్టల్, ఒకటే రూము. ఒకరిది వనపర్తి దిక్కు తండా, ఒకరిది గద్వాల దిక్కు ఊరు, ఇంకొకరిది నాగర్‌కర్నూల్ జిల్లాల అమ్రాబాద్ మీద అడవి లోపల పెంట. ముగ్గురి ఇళ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. జీపు మాలో ఒకరి కాకాది. పాత మహీంద్రా కమాండర్, 2523 సీసీ డీజిల్ ఇంజన్, నాలుగు సిలిండర్లు. ఆగస్టు వచ్చిందంటె గద్వాల దిక్కు సీడు పత్తిల క్రాసింగ్ పనులు మొదలైతయి. తండా ఆడవాళ్లు పొద్దున్నే ఆ జీపుల ఎక్కి, బీచుపల్లి బ్రిడ్జి దాటి, కృష్ణ అవతలికి పోతరు. పూలు విప్పే వేళకు చేన్ల ఉండాలె. జీపు ఆగితె వాళ్ల కూలి ఆగినట్టే.

ఈ ఇంజన్‌కు అంతకుముందే ఒకసారి బోరు పని అయింది. ఆ షెడ్డు పేరు ఇక్కడ అవసరం లేదు. పని అయిన రోజే ఆయిల్ పోసి, సెల్ఫ్ కొట్టి, ఆక్సిలేటర్ గట్టిగ తొక్కి చూపించిండ్రు. సౌండ్ బాగున్నదని కాకా సంబురపడ్డడు. ఎనిమిదో రోజు లోపల టక్ టక్ అని మొదలైంది. రెండోసారి ఇంకో ఉస్తాద్ దగ్గర ఇంజన్ దించి విప్పితె, బిగ్ ఎండ్ బేరింగులు అరిగి లోపలి రాగి రంగు బయటపడ్డది. క్రాంకు మీద గీతలు పడ్డయి. ఆయిల్ పోయే సన్న దారులల్ల బోరు కొట్టినప్పటి ఇనుప పొడి ఇంకా ఉన్నది. ఉస్తాద్ దాన్ని వేలి మీద తీసి చూపించి, "బేటా, ఇసుక పోసిన గిన్నెల అన్నం వండినట్టు" అన్నడు.

రెండోసారి డబ్బు కాకా దగ్గర లేకుండె. మా యాడీలు ఉన్న పొదుపు సంఘం అప్పు ఇచ్చింది. ఇరవై మంది ఆడవాళ్ల పొదుపు అది. అందుకే మేము ప్రతి ఆదివారం షెడ్డుకు పోయినం.

మాకు దొరికిన పని కడగడం. బ్లాకును డీజిల్‌తో కడిగి, సబ్బు నీళ్లతో కడిగి, ప్రతి ఆయిల్ దారిల సన్న బ్రష్ తోసి, గాలి కొట్టి ఆరబెట్టినం. తెల్ల గుడ్డ పెట్టి తుడిస్తె మరక రావద్దు. వస్తె మళ్లీ మొదలు. క్రాంకుకు, బేరింగుకు మధ్య ఉండే సందు వెంట్రుక మందం కంటె తక్కువ. ఆ సందుల ఉండాల్సింది ఆయిల్ పొర ఒక్కటే. ఇంజన్ తిరిగినన్ని రోజులు క్రాంకు ఆ పొర మీద తేలుకుంట తిరుగుతది. ఇనుము ఇనుముకు తగలొద్దు.

ఇక్కడనే మొదటి నిమిషం సంగతి. రోజూ నడిచే బండిల రాత్రంతా ఆపినా బేరింగుల కొంత ఆయిల్ మిగిలి ఉంటది. కొత్తగా కట్టిన ఇంజన్‌ల పంపు ఖాళీ, ఫిల్టర్ ఖాళీ, దారులన్నీ ఖాళీ. పిస్టన్లు, బేరింగులు పెట్టేటప్పుడు చేత్తో పూసిన ఆయిల్ తప్ప ఏం ఉండదు. ఆ స్థితిల ఒక్కసారే స్టార్ట్ చేసి రేసు చేస్తె, పంపు ఆయిల్‌ను పైదాకా నెట్టేలోపే బేరింగు కాలిపోవచ్చు.

2023 సెప్టెంబర్ 16న కొల్లాపూర్ దగ్గర నార్లాపూర్‌ల పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల మొదటి పంపు నడిపినప్పుడు పేపర్లల్ల డ్రై రన్, వెట్ రన్ అనే మాటలు మనమందరం చదివినం. 145 మెగావాట్ల మోటరును కూడా ముందు నీళ్లు లేకుంట తిప్పి చూసి, ఆ తర్వాతనే నీళ్లు ఎత్తించిండ్రు. జీపుకు కూడా పద్ధతి అదే. ముందు డీజిల్ లేకుంట తిప్పాలె.

ఉస్తాద్ చేయించిన వరుస ఇది, రాసి పెట్టుకోండి.

మొదట క్రాంకును పానాతో చేత్తో రెండు చుట్లు పూర్తిగ తిప్పినం. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌ల రెండు చుట్లు తిరిగితెనే అన్ని వాల్వులు ఒకసారి తెరుచుకొని మూసుకుంటయి. ఎక్కడన్న పట్టినట్టయితె ఆగాలె, బలం పెట్టొద్దు. టైమింగ్ తప్పితె పిస్టన్ పోయి వాల్వును గుద్దుతది.

తర్వాత ఆయిల్ ఫిల్టర్‌ల ఆయిల్ నింపి బిగించినం. డిప్ స్టిక్ గుర్తు దాకా ఆయిల్, రేడియేటర్ నిండ కూలెంట్ పోసినం. డీజిల్ పంపు స్టాప్ లీవర్ లాగి పట్టి, ఇంజన్ అంటుకోకుండ సెల్ఫ్ కొట్టినం. ఒక్కోసారి పది సెకన్లు, మధ్యల నిమిషం విరామం. లేకుంటె సెల్ఫ్ మోటర్ కాలుతది. నాలుగోసారికి ఆయిల్ లైటు ఆరిపోయింది. పై మూత తీసి చూస్తె రాకర్ల దాకా ఆయిల్ వచ్చి మెరుస్తున్నది. "ఇప్పుడు దీనికి రక్తం ఎక్కింది" అన్నడు ఉస్తాద్.

అప్పుడు డీజిల్ దారుల ఎయిర్ తీసినం. ఫిల్టర్ మీది హ్యాండ్ ప్రైమర్ కొట్టుకుంట స్క్రూ వదులు చేస్తె బుడగలు బుడగలుగ వచ్చింది. బుడగలు పోయి సాఫుగ డీజిల్ కారినంక బిగించినం. ఇంజెక్టర్ పైపుల దగ్గర కూడా అంతే.

ఆఖరుకు ఉస్తాద్ మాలో ఒకరికి చెక్క పలక ఇచ్చి గాలి పీల్చే గొట్టం దగ్గర నిలబెట్టిండు. డీజిల్ ఇంజన్‌ల స్పార్కు ఉండదు. నొక్కుడు పడ్డ గాలి వేడికే డీజిల్ మండుతది. పంపు ఇరుక్కుపోయినా, ఆయిల్ సిలిండర్లకు ఎక్కినా, తాళం తీసినంత మాత్రాన ఇంజన్ ఆగదు, పిచ్చిపట్టినట్టు లేస్తది. అప్పుడు గాలి మూస్తెనే ఆగుతది. చెయ్యి మాత్రం అడ్డం పెట్టొద్దు, లోపలికి గుంజుతది. ఇంకొకరు ఇసుక బకెట్‌తో, ఇంకొకరు ఆయిల్ లైటు మీద కన్నేసి నిలబడ్డం.

ఈ భయం ఉత్తది కాదు. డీజిల్ ఇంజన్‌కు పేరు వచ్చిన రుడాల్ఫ్ డీజిల్ 1893 ఆగస్టు 10న జర్మనీల ఆగ్స్‌బర్గ్‌ల మొదటిసారి తన ఇంజన్‌ల ఇంధనం మండించినప్పుడు, ఒత్తిడి కొలిచే పరికరం పేలి ముక్కలు ఎగిరినయి. అది తనంత తాను ఒక్క నిమిషం నడిచింది 1894 ఫిబ్రవరి 17న. నలుగురికి చూపించే లెక్క వచ్చింది 1897ల. కనిపెట్టినాయనకే అన్నేండ్లు పట్టింది.

సెల్ఫ్ కొట్టంగనే రెండుసార్లు దగ్గింది, మూడోసారి అంటుకున్నది. తెల్లగ, నీలంగ పొగ షెడ్డంత కమ్మింది. చేత్తో పూసిన ఆయిల్ కాలేటప్పుడు అట్లనే వస్తది, కొద్దిసేపటికి తగ్గాలె. తగ్గకుంటెనే భయం. ఆయిల్ లైటు రెండు మూడు సెకన్లల్ల ఆరింది. ఉస్తాద్ రేసు చేయలేదు, ఉత్త ఐడిల్‌ల కూడా వదిలిపెట్టలేదు. ఒక మోస్తరు స్పీడుల పట్టి ఉంచి, కింద వంగి లీకులు చూసిండు. వేడెక్కినంక ఆపి, పూర్తిగ చల్లారనిచ్చి, టాపెట్లు మళ్లీ సెట్ చేసిండు.

అసలు పంచాయితీ అప్పుడు మొదలైంది. సీడు రైతుకు తెల్లారి నుంచే ఇరవై మందిని తోలుకొస్తనని కాకా మాట ఇచ్చి ఉన్నడు. ఉస్తాద్ మాత్రం మొదటి 500 కిలోమీటర్లు సగం మందే అన్నడు. "పోనీ, వారం రోజులు ఖాళీగ తిప్పుతం" అన్నడు కాకా. దానికీ ఒప్పుకోలేదు. కారణం ఇది. కొత్తగ బోరు చేసిన సిలిండర్ గోడల మీద సన్నటి అడ్డ గీతలు ఉంటయి. పిస్టన్ రింగులు ఆ గోడలకు ఒరుసుకొని కుదురుకోవాలె. లోపల మంట ఒత్తిడి రింగులను గోడకు నెడితెనే ఆ కుదురు వస్తది. లోడు లేకుంట ఊరికె తిప్పితె గోడలు అద్దం లెక్క నున్నగై, జన్మంత ఆయిల్ తాగుతది. మరీ ఎక్కువ లోడు వేస్తె ఇంకా కుదరని రింగులు, బేరింగులు వేడెక్కి పట్టేస్తయి. కొంచెం బరువు కావాలె, మొత్తం బరువు వద్దు.

ఆ రాత్రి సంఘం కూర్చున్నది. అప్పు వాళ్లదే, కూలి వాళ్లదే. ఒక యాడి లెక్క చెప్పింది. పోను రాను రోజుకు 90 కిలోమీటర్లు. ఆరు రోజులు పోతె 540. రోజుకు పది మంది, ఒకరోజు వీళ్లు, ఒకరోజు వాళ్లు. అంటె ఒక్కొక్కరికి మూడు రోజుల కూలి పోతది. "మొన్న ఎనిమిది రోజులకే ఇంజన్ పాయె. అప్పుడు పోయిన కూలి ఎంత?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. మాలో ఒకరు వనపర్తి ప్యాలెస్‌ల 1959 నుంచి నడుస్తున్న పాలిటెక్నిక్‌ల మెకానికల్ డిప్లొమా చదివినోడు. రన్నింగ్ ఇన్ గురించి పరీక్షల రాసిండు. దాని ఖరీదు ఇరవై మంది ఆడవాళ్లకు తలా మూడు రోజుల కూలి అని మాత్రం ఏ పుస్తకంల లేకుండె.

ఆరు రోజులైనంక ఆయిల్, ఫిల్టర్ మార్చినం. పాత ఆయిల్‌ను పళ్లెంల పోసి అయస్కాంతం తిప్పితె సన్నటి బూడిద లాంటిది అంటుకున్నది. రింగులు కుదురుకునేటప్పుడు అంత వస్తది. రేకు ముక్కలు, రాగి రంగు మెరుపు వస్తె ప్రమాదం. రాలేదు. ఏడో రోజు అందరికీ కూలి దొరికింది. కానీ ఒకటే ట్రిప్పుల ఇరవై మందిని కుక్కలేదు, పొద్దున రెండు ట్రిప్పులు కొట్టిండు కాకా. డీజిల్ ఖర్చు పెరిగింది. కుక్కితె పోయేది ఇంజన్ ఒక్కటే కాదని ఆడవాళ్లే పట్టుబట్టిండ్రు.

ఇది ఇంజన్ మాటే. అయినా మా ముగ్గురికీ మా సంగతి యాదికొచ్చింది. ఇంట్ల మొదటిసారి కాలేజీకి వచ్చినోని మీద సీటు వచ్చిన రోజే అప్పు, చెల్లె పెండ్లి, తమ్ముని ఫీజు అన్నీ ఎక్కుతయి. ఇంటోళ్ల తప్పు కాదు, వాళ్లకు ఆగే సందు లేదు. కొందరేమో "నువ్వు చదువుకో చాలు, ఏం ముట్టకు" అని పక్కన పెడతరు. అదీ మంచిది కాదు. ఆదివారం షెడ్డుకు పోయి బ్లాకు కడగడం మాకు మోయగలిగినంత బరువు అనిపించింది.

ఒక మాట అడుగుతున్నం. మన పిల్లలు చానా మంది పదో తరగతి ఆపి అచ్చంపేట, వనపర్తి, గద్వాల షెడ్లల్ల పని నేర్చుకుంటున్నరు. వాళ్ల చేతుల ఉన్నది ఎక్కడా రాసి లేదు. మీ ఊర్ల అట్లాంటి అన్న ఉంటె పక్కన కూర్చొని, ఆయన మాటలల్లనే రాసుకొని ఇక్కడ పెట్టండి. బోరు మోటర్ వైండింగ్, ట్రాక్టర్ హైడ్రాలిక్, ఆటో క్లచ్, ఏదైనా సరే. మా కాకా మొదటిసారి షెడ్డుకు పోయే ముందు ఎవరన్న ఇట్ల రాసి పెట్టి ఉంటె, సంఘం రెండో అప్పు ఇచ్చే పని ఉండకపోవు.