సున్నా ఎక్కడ పెట్టుకున్నారు?

బీఎస్సీలో ఫిజిక్స్ చదివినవాళ్ళని అర్ధరాత్రి లేపి అడిగినా మైకెల్సన్-మోర్లే ప్రయోగం బొమ్మ గీసేస్తారు. మధ్యలో ఏటవాలుగా సగం వెండిపూత పూసిన అద్దం, రెండు వైపులా రెండు అద్దాలు, కింద దుర్భిణి. ఎల్ బై సీ మైనస్ వీ, ఎల్ బై సీ ప్లస్ వీ, రెండూ కలిపితే ఇంత. చివర్లో 'ఫలితం శూన్యం' అని రాసి కింద గీత కొడితే పది మార్కులు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆ బొమ్మని నల్లబల్ల మీద గీశాను. సుద్దముక్క చూడకుండా గీయగలను.

ఒక ఏడాది చివరి బెంచీ కుర్రాడొకడు లేచి, "సార్, భూమి కదలికని కొలుద్దామని వెళ్తే సున్నా వచ్చింది కదా. మరి భూమి కదలట్లేదని ఎందుకు అనుకోకూడదు?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నవ్వాల్సిన ప్రశ్న కాదది. సిలబస్ మాత్రం ఆ ప్రశ్న దగ్గర ఆగదు, నేరుగా లోరెంజ్ సమీకరణాల్లోకి దూకుతుంది. కుర్రాడిని స్టాఫ్ రూముకి పిలిచి గంటన్నర చెప్పాను. ఇన్నేళ్ళ తర్వాత అదే ప్రశ్న మా అన్నయ్య దగ్గర్నించి వచ్చింది, వాట్సాప్‌లో, ఒక వీడియోతో సహా. మైకెల్సన్ ప్రయోగం భూమి స్థిరంగా ఉందని రుజువు చేసిందనీ, శాస్త్రవేత్తలు ఆ సంగతి దాచేశారనీ అందులో ఒకాయన గట్టిగా చెబుతున్నాడు. కింద అన్నయ్య ఒక్క ముక్క రాశాడు: "దీనికి నీ సమాధానం ఏమిట్రా?"

మా అన్నయ్య తేలిగ్గా తీసిపారేయగలిగిన మనిషి కాదు. ఇరిగేషన్‌లో ఓవర్సీరుగా చేరి డిప్యూటీ ఇంజనీరుగా రిటైరయ్యాడు. కాలవ గట్ల వెంట డంపీ లెవెల్ మోయించుకుంటూ బతుకంతా కొలిచినవాడు. పుస్తకంలో ఉందంటే నమ్మడు, పెద్దవాళ్ళు చెప్పారన్నా నమ్మడు. "ఎవడు కొలిచాడు, దేంతో కొలిచాడు, తప్పెంత?" ఈ మూడే అడుగుతాడు. అలాంటి మనిషికి "సైన్స్ ఒప్పుకుంది" అని జవాబివ్వడం మర్యాద కాదు. ఫ్యామిలీ గ్రూపులో మేనల్లుళ్ళు అప్పుడే నవ్వుతున్న బొమ్మలు పెట్టడం మొదలెట్టారు. నేను ఫోన్ చేశాను.

ముందు ఆ సున్నా సంగతి. 1887లో క్లీవ్‌లాండ్‌లో మైకెల్సన్, మోర్లే కలిసి పెద్ద ఇసుకరాతి పలకని పాదరసం మీద తేలించి, దాని మీద అద్దాలు అమర్చి, నెమ్మదిగా తిప్పుతూ చూశారు. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్లు పోతోంది. వెలుగు ఈథర్ అనే పదార్థంలో అలలా వస్తున్నట్లయితే ఎదురు పోయే కిరణానికీ అడ్డంగా పోయే కిరణానికీ పట్టే కాలంలో కొద్దిపాటి తేడా ఉండాలి. రెండు కిరణాలు కలిసేచోట కనిపించే వెలుగు చారలు, ఫ్రింజిలు అంటాం, పలక తిరిగేకొద్దీ ఒక చార వెడల్పులో 0.4 వంతు జరగాలి. చూస్తే అందులో ఇరవయ్యో వంతు కూడా జరగలేదు.

వీడియో ఆయన చెప్పింది ఇంతవరకూ నిజమే. ఆయన చెప్పనిదేమిటంటే, ఆ పరికరానికి తెలిసేది తిన్నగా సాగే కదలిక ఒక్కటే, అదీ ఈథర్ ఉంటేనే. తిన్నగా, కుదుపు లేకుండా సాగే కదలిక లోపలున్న వాడికి తెలియదు. పట్టాలు నున్నగా ఉంటే రైల్లో గ్లాసులోని టీ కదలదు, కిటికీ మూస్తే రైలు నడుస్తోందో ఆగిందో చెప్పలేం. సూర్యుడి చుట్టూ భూమి తిరగడమూ ఒక పూటకి చూసుకుంటే దాదాపు అలాంటిదే. రోజంతా పోయినా దారి వంపు ఒక్క డిగ్రీ. అదే తన చుట్టూ తాను తిరగడమైతే రోజుకి 360 డిగ్రీలు. ఒకే భూమికి రెండు కదలికలు. వెలుగు మొదటిదాని గురించి గదిలోపల నోరు విప్పదు. రెండోదాన్ని దాచలేదు.

ఎందుకు దాచలేదో అన్నయ్యకి మా ఊరి కోనేరు పెట్టి చెప్పాను. కోనేటి గట్టు మీద ఒకడు నిలబడ్డాడు. వాడి దగ్గర్నించి ఇద్దరు పిల్లలు ఒకే వేగంతో చెరో దిక్కుగా పరిగెత్తారు. వాడు కదలకుండా ఉంటే ఇద్దరూ ఒకేసారి వాణ్ణి ముట్టుకుంటారు. వాడు గట్టు వెంబడి మెల్లగా నడుస్తుంటే ఎదురొచ్చే పిల్లాడు ముందు తగుల్తాడు, వెనకనించి వచ్చేవాడు వాణ్ణి తరుముకోవాలి. పిల్లల బదులు రెండు కిరణాలు, గట్టు మీద వాడి బదులు ఒక అద్దం. మొత్తం అమరిక తిరుగుతుంటే తిరిగే దిక్కున పోయిన కిరణం ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం రెండిటి మీద ఆధారపడుతుంది: ఎంత వేగంగా తిరుగుతోంది, కిరణాలు చుట్టివచ్చిన స్థలం విస్తీర్ణం ఎంత. "విస్తీర్ణమా? చుట్టుకొలత కాదూ?" అన్నాడు అన్నయ్య వెంటనే. విస్తీర్ణమే. దానికాయన చాలాసేపు ఏమీ అనలేదు. కాగితం మీద వేసుకుంటున్నట్టున్నాడు.

దీన్ని మొదట స్పష్టంగా చూపించింది 1913లో ఫ్రాన్స్‌లో జార్జ్ సాన్యాక్. సెకనుకి రెండు చుట్లు తిరిగే బల్ల మీద, చాటంత స్థలం చుట్టూ కిరణాలు తిప్పి, చారలు 0.07 వంతు జరగడం చూశాడు. ఇందులో తమాషా ఏమిటంటే ఆయన దాన్ని ఈథర్ ఉందనడానికి రుజువుగా ప్రకటించాడు. ఈథర్ అక్కర్లేకుండానే సాపేక్ష సిద్ధాంతమూ అదే లెక్క చెబుతుందని మాక్స్ ఫాన్ లావె రెండేళ్ళ ముందే రాసి ఉన్నాడు. ప్రయోగం నిలబడింది, ప్రయోగం చేసినవాడి తీర్పు నిలబడలేదు. నాకు సాన్యాక్ మీద జాలి కంటే గౌరవమే ఎక్కువ. కొలత సరిగ్గా చేశాడు, అది చాలదూ.

సరే, బల్ల తిరిగితే తెలిసింది. మరి భూమి? ఇక్కడికే మళ్ళీ మైకెల్సన్ వస్తాడు. ఏ మైకెల్సన్ పేరు చెప్పి వీడియో ఆయన భూమిని ఆపేశాడో, ఆ మైకెల్సనే. భూభ్రమణాన్ని ఇలా పట్టుకోవచ్చని 1904లోనే రాశాడు. చేసింది మాత్రం 1925లో, డెబ్భై దాటాక, గేల్, పియర్సన్ అనే ఇద్దరితో కలిసి, షికాగో పక్కన క్లియరింగ్ అనే చోట. మా అమ్మాయి ఉండేది ఆ ఊరి శివార్లలోనే కాబట్టి ఓసారి ఆ వైపు తీసుకెళ్ళమన్నాను. మిడ్‌వే ఎయిర్‌పోర్టుకి దగ్గర. నేను తిరిగిన వీధుల్లో కనిపించినవి గోదాములు, పొడుగాటి గూడ్సు రైళ్ళు. "ఇక్కడేముంది నాన్నా?" అంది. ఒకప్పుడు ఇక్కడ గొట్టాలుండేవని చెప్పాను. నావైపు ఒకలా చూసింది.

గొట్టాలే మరి. భూమి బల్లలాగా సెకనుకి రెండు చుట్లు తిరగదు, రోజుకి ఒకటి. వేగం తగ్గినంతా విస్తీర్ణంలో పూడ్చాలి. అందుకని 2010 అడుగుల పొడవు, 1113 అడుగుల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం చుట్టూ 12 అంగుళాల గొట్టాలు పరిచి, లోపల గాలి తోడేసి, మూలల్లో అద్దాలు పెట్టారు. గాలి ఉంటే చారలు ఎండమావిలా వణుకుతాయి. మన ఎకరాల్లో చెప్పాలంటే యాభై ఎకరాల పైమాట. యాభై ఎకరాలు చుట్టివచ్చాక ఆ రెండు కిరణాల మధ్య దూరంలో తేడా ఒక మిల్లీమీటరులో ఏడువేలో వంతు కంటే తక్కువ.

అన్నయ్య ఇక్కడ పట్టుకున్నాడు. "ఆగు. బల్లనయితే ఆపి చూస్తావు, తిప్పి చూస్తావు, తేడా రాసుకుంటావు. భూమిని ఆపలేరుగా. మరి సున్నా ఎక్కడ పెట్టుకున్నార్రా?"

ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఏ విద్యార్థీ ఈ ప్రశ్న అడగలేదు. బెంచ్‌మార్క్ లేకుండా ఒక్క లెవెల్ కూడా తీయని మనిషికే తడుతుంది. చారలు జరిగాయనాలంటే జరగకపోతే ఎక్కడుండేవో తెలియాలి. దానికి మైకెల్సన్ చేసిన పని నాకు మొత్తం ప్రయోగంలోకీ ఇష్టమైనది. అదే గొట్టాల వరసలో ఒక చివర అడ్డంగా ఇంకో గొట్టం వేసి చిన్న దీర్ఘచతురస్రం కూడా చేశాడు. దాని విస్తీర్ణం ఎంత తక్కువంటే భూమి తిరగడం అందులో లెక్కకి రానంత. చిన్నదాంట్లో చార ఎక్కడుందో అది సున్నా. పెద్దదాంట్లో ఎక్కడుందో అది కొలత. రెండిటి మధ్య దూరం భూభ్రమణం. లెక్క ప్రకారం రావాల్సింది 0.236 వంతు. ఎన్నో రోజుల మీద తీసిన 269 రీడింగుల సగటు 0.230, అటూ ఇటూ 0.005.

"అంటే బ్యాక్‌సైట్ కూడా అక్కడే తీసుకున్నాడు," అన్నాడు అన్నయ్య. ఆ గొంతులో మెచ్చుకోలు నాకు తెలుసు. చిన్నప్పుడు నా లెక్కల నోటుబుక్కు చూసి కూడా ఒకటి రెండుసార్లే వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి దాటేయకూడదు. ఈ ప్రయోగం ఐన్‌స్టీన్ గెలుపు కాదు. కదలని ఈథర్ ఉందనుకున్నా 0.236 వస్తుంది, సాపేక్ష సిద్ధాంతం ప్రకారమూ అంతే వస్తుంది. ఈథర్ భూమికి అంటుకుని దాంతోపాటే తిరుగుతోందనే వాదం ఒక్కటే ఇక్కడ పడిపోయింది, ఎందుకంటే అప్పుడు సున్నా రావాలి. 1887 ప్రయోగం ఒక ప్రశ్నకి కాదంది, 1925ది ఇంకో ప్రశ్నకి ఔనంది. మొదటిదాన్ని పాఠ్యపుస్తకాల్లో పది మార్కులకి పెట్టి రెండోదాన్ని ఒక పేరాకైనా పెట్టకపోతే, మధ్యలో ఖాళీ మిగులుతుంది. వీడియోలు తీసేవాళ్ళు ఆ ఖాళీలోనే దుకాణం పెట్టుకుంటారు. వాళ్ళని తిట్టినంత సులువు కాదు ఆ పేరా రాయడం.

ఇప్పుడు ఆ యాభై ఎకరాలూ అక్కర్లేదు. జర్మనీలో వెట్‌సెల్ అనే చోట భూగర్భంలో ఒక లేజర్ ఉంగరం ఉంది. ఉంగరమంటే నాలుగు మీటర్ల భుజాలున్న చతురస్రం. ఎదురెదురుగా తిరిగే రెండు లేజర్ కిరణాలు కలిసి సెకనుకి సుమారు 348.5 సార్లు హెచ్చుతగ్గులవుతుంటాయి. అది చెవికి వినిపించే స్థాయి. స్పీకరుకి కలిపితే హార్మోనియం మీద నాలుగు శ్రుతికి వెంట్రుకవాసి కింద పలుకుతుంది. ఉంగరం సైజు మారితే శ్రుతి మారుతుంది గనక ఇందులో విశ్వరహస్యమేమీ వెతకొద్దు. కానీ ఆ ధ్వనిలోంచి తీసిన భ్రమణకాలం 24 గంటలు కాదు, 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. ఉంగరం సూర్యుణ్ణి చూడదు, నక్షత్రాల లెక్కన తిరుగుతుంది.

పెద్ద విమానాల్లోనూ దీని చిన్న తమ్ముళ్ళుంటాయి. హైదరాబాద్‌లో గేటు దగ్గర విమానం కదలకుండా నిలబడి ఉన్నప్పుడు, మనం పైన ఆవకాయ సీసాల సంచీ ఎలా దూర్చాలా అని చూస్తుండగా, అది లోపల భూమి తిరగడాన్ని కొలుచుకుని ఉత్తరం ఎటో తేల్చుకుంటుంది. కొన్ని నిమిషాలు పడుతుంది, అంతసేపూ దాన్ని కదపకూడదు. ఫోనులో జీపీఎస్ సంగతీ అంతే. ఉపగ్రహం నించి సంకేతం రావడానికి సెకనులో సుమారు 0.07 వంతు పడుతుంది. ఆలోపు హైదరాబాద్ 30 మీటర్లు తూర్పుకి జరిగిపోతుంది. ఫోను ఆ లెక్క సరిచేసుకోకపోతే క్యాబ్ వీధికి అవతల ఆగుతుంది.

అన్నయ్య ఇదంతా విని, "సరే, తిరుగుతోంది. ఒప్పుకున్నాను. సూర్యుడి చుట్టూ పోతోందని ఎవడు కొలిచాడు?" అన్నాడు. ఇలాంటివాడికి ఒక్క రుజువు అరువిచ్చామో, రెండోది వడ్డీ.

దీనికి గదిలోంచి బయటికి రావాలి. తిన్నటి వేగం తెలియదు, కానీ వేగం మారితే తెలుస్తుంది. ఆరునెలల్లో భూమి ఎదురు దిక్కుకి పోతుంటుంది. వానలో స్కూటరు మీద పోయేవాడికి నిలువుగా పడే చినుకు ముందునించి కొడుతున్నట్టుంటుంది. వెనక్కి తిరిగొస్తే వాలు మారుతుంది. నక్షత్రాల వెలుగూ భూమి మీద అలాగే పడాలి. లండన్ దగ్గర జేమ్స్ బ్రాడ్లీ 1720లలో తలమీదుగా పోయే ఒక నక్షత్రాన్ని నెలల తరబడి చూస్తే అది ఏడాదిలో అటూ ఇటూ ఊగుతోంది. కారణం అంతుపట్టలేదు. థేమ్స్ నదిలో పడవ మీద పోతుండగా, పడవ దిక్కు మార్చినప్పుడల్లా తెరచాప కొయ్య మీది గాలిపటాకం దిక్కు మారడం చూసి తట్టిందంటారు. (పడవలంటే గుర్తొచ్చింది. పడవలో ముందుకి పోయేవాడి ఉపమానంతో భూభ్రమణం చెప్పిన ఆర్యభటుడిని తర్వాతి వాళ్ళు ఎంత ఇబ్బంది పెట్టారో అదింకో వ్యాసం.) ఊగిసలాట కోణాన్నిబట్టి భూమి వేగం కంటే వెలుగు వేగం పదివేల రెట్లని, సూర్యుడి నించి వెలుగు రావడానికి సుమారు 8 నిమిషాల 12 సెకన్లు పడుతుందని లెక్క తేల్చాడు. ఇప్పటి కొలతకి పెద్ద తేడా లేదు.

"కోణం ఎంత?"

"ఇరవై సెకన్లు. ఇరవైన్నర."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "మా పాత వెర్నియర్ థియోడొలైట్ లీస్ట్ కౌంట్ ఇరవై సెకన్లేరా," అన్నాడు. "అంటే మా పరికరం మీద సరిగ్గా ఒక్క గీత."