చీకటిలో చెవి చెప్పే అబద్ధం

1999 జూలై 16 రాత్రి, అమెరికాలో జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ స్వయంగా నడుపుతున్న చిన్న విమానం మార్తాస్ విన్‌యార్డ్ దీవికి దిగివస్తూ సముద్రంలో కూలింది. ముగ్గురు మరణించారు. యంత్రలోపం కనబడలేదు, మసక కమ్మిన చీకటిలో పైలట్ దిశాభ్రమకు లోనయ్యాడని దర్యాప్తు తేల్చింది.

మలుపులను పసిగట్టేవి లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళికలు. మలుపు ఒకే తీరున కొంతసేపు సాగితే, వాటిలోని ద్రవం కూడా అదే వేగాన్ని అందుకుంటుంది, తిన్నగానే పోతున్నామనిపిస్తుంది. కంటికి ఆనవాలు లేనప్పుడు ఆ భ్రమను సరిదిద్దేవి పరికరాలే.

వయసుతో ఈ చెవి, పాదాల స్పర్శ మందగిస్తాయి. అప్పుడు మనకు ప్రధాన ఆధారం చూపే. డెబ్బయి దాటిన నేను రాత్రి లేచినప్పుడు మంచం మీద కాసేపు కూర్చుని, దీపం వేసుకున్నాకే అడుగు వేస్తాను. అలవాటైన ఇల్లే కదా అని మీరూ చీకటిలో నడవకండి.