ఉగాదికి ఇంటి కార్డులు

క్రిస్మస్‌కి వార్డు సిబ్బందీ, ఇరుగుపొరుగూ ఇచ్చిన కార్డులను మేము పారెయ్యం. ఉగాది దాకా అట్టపెట్టెలో దాచి ఉంచుతాం. 1843లో ఇదే లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన మొట్టమొదటి క్రిస్మస్ కార్డులు అచ్చువేయించి ఒక్కొక్కటి షిల్లింగుకు అమ్మించాడు. ఆ రోజుల్లో అది సామాన్యుడి ధర కాదు లెండి.

డ్యూటీ లేని ఆదివారం చూసుకుని ఆ బొమ్మలు కత్తిరించి, మైదాపిండి జిగురుతో కొత్త అట్ట మీద అంటిస్తాం. చుట్టూ పిల్లలు చుక్కలు పెట్టి ముగ్గు వేస్తారు. ఎర్రరొమ్ము రాబిన్ పిట్టకు నల్లసిరా పూస్తే కోయిల!

ఖర్చల్లా తపాలా బిళ్లకే. కొన్న కార్డులో ఇంగ్లీషు పద్యం ముందే ఉంటుంది, కింద సంతకం గిలికితే సరి. మన కార్డు లోపల అంతా ఖాళీ. పిల్లలు తెలుగులో ఏదో ఒకటి రాయక తప్పదు.

పోయినేడు మా ఎనిమిదేళ్ల అమ్మాయి గంటసేపు కూర్చుని నాలుగు వాక్యాలు రాసింది. "అమ్మమ్మ"లో ఒక ఒత్తు ఎగిరిపోయింది. దిద్దకుండానే పంపాం. శుక్లాలు ముదిరిన ఆవిడ కళ్లకు ఆ లావుపాటి అక్షరాలు బాగానే ఆనాయట. మూడు వారాలకు జవాబొచ్చింది. ఎర్ర పెన్సిలుతో పెద్దగా "అమ్మమ్మ" అని రాసి, కింద "పదిసార్లు రాసి పంపు" అని.