నాజూకు చూసి మోజుపడ్డాను

గిన్నె కొనడానికి వెళ్తే మనం ఏం చేస్తాం? చేత్తో ఎత్తి బరువు చూస్తాం. వేలితో కొట్టి మోత వింటాం. బోర్లించి అడుగు మందం చూస్తాం. "అబ్బే, పలచన. పాలు పెడితే ఇట్టే అడుగంటుతుంది" అని పక్కన పెట్టేస్తాం. 300 రూపాయల గిన్నె దగ్గర ఇంత తెలివి చూపించే నేను, 68,000 రూపాయల లాప్‌టాప్ దగ్గర మాత్రం ఆ తెలివంతా ఇంట్లోనే వదిలి వెళ్ళాను. పలచగా, తళతళలాడుతూ ఉందని మురిసిపోయి కొనేశాను. ఆ ముచ్చట, ఆ తర్వాత జరిగిన శాస్తి మీతో చెప్పుకుందామని కూర్చున్నాను. మీలో ఎవరికైనా పనికి రాకపోదు.

మా అమ్మాయి ఆర్కిటెక్చర్ చదువుతోంది. ఇళ్ళకీ, భవనాలకీ ప్లాన్లు గీసే చదువన్నమాట, 5 ఏళ్ళ కోర్సు. రోజూ తెనాలి నుంచి విజయవాడకు రైల్లో వెళ్ళి రావాలి. మొదటి రెండేళ్ళూ మా అక్కగారబ్బాయి వాడి పక్కన పెట్టిన పాత లాప్‌టాప్‌తోనే గడిపింది. వాడు కంప్యూటర్ ఆటల కోసం కొనుక్కున్నది. చూడ్డానికి ఇటుకలా ఉండేది. దాని చార్జరు మరో అర ఇటుక. భుజాన ఆ బ్యాగు, చేతిలో డ్రాయింగ్ కాగితాలు చుట్టిపెట్టిన గొట్టం. రైల్లో సీటు దొరికితే అదృష్టం, లేకపోతే నిలబడే ప్రయాణం.

ఒక ఆదివారం దాని తలకి నూనె రాస్తూ చూశాను. భుజం మీద ఎర్రగా, వాత పెట్టినట్లు పట్టీ గుర్తు!

"ఏమిటే ఇది?" అన్నాను.

"ఏం లేదమ్మా, బ్యాగు ఒత్తుకుంది" అంది తేలిగ్గా.

నా మనసు మనసులో లేదు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక, పండక్కి మినప్పిండీ బెల్లమూ తూచుకునే కాటా తీసి, దాని మీద ఆ లాప్‌టాప్ పెట్టాను. 2 కిలోల 450 గ్రాములు. చార్జరు 650. మొత్తం 3 కిలోల 100 గ్రాములు! మా అమ్మాయి పుట్టినప్పుడు 2 కిలోల 900 ఉంది. అంటే దాన్ని నేను మోసిన బరువు కన్నా ఎక్కువ బరువు అది రోజూ భుజాన వేసుకుని రైలెక్కుతోందన్నమాట. తల్లిని కదండీ, ఆ లెక్క చూశాక ఇక నిద్రేం పడుతుంది?

గాజులు చేయించుకుందామని నేను కట్టుకుంటున్న చీటీ పాడేశాను. అందరం కలిసి షాపుకెళ్ళాం. అక్కడి కుర్రాడు ఒక లాప్‌టాప్‌ని రెండు వేళ్ళతో, అప్పడం పట్టుకున్నట్లు పట్టుకుని చూపించాడు. "కిలో 190 గ్రాములే మేడమ్. ఎంత స్లిమ్మో చూడండి!" అన్నాడు. నేను అందుకుని చూశాను. నిజంగానే పలక బరువుంది. అంతే, ఇంకోటి చూడనివ్వలేదు.

"కాస్త ఆగవోయ్, దాని చదువుకి ఇది సరిపోతుందో లేదో కనుక్కుందాం" అన్నారు మావారు.

"రోజూ మోసేది మీరు కాదుగా!" అని ఒక్క మాటతో ఆయన నోరు మూయించాను.

"దీనికి పోర్టులు తక్కువున్నాయమ్మా" అని మా అమ్మాయి కూడా నసిగింది. పోర్టులంటే వైర్లు గుచ్చుకునే కన్నాలు. "కన్నాలదేముందే, భుజం కన్నా ఎక్కువా?" అని కొట్టిపారేశాను. ఎక్స్‌ఛేంజ్ కింద 6,000 తగ్గిస్తామంటే ఆ పాత ఇటుకని కూడా అక్కడే ఇచ్చేసి వచ్చాం. అసలు తప్పు అక్కడే జరిగింది. అది తర్వాత చెబుతాను.

రెండు నెలలు హాయిగా గడిచాయి. భుజం మీద ఎరుపు పోయింది. పొద్దున చార్జింగ్ పెట్టుకుని వెళ్తే సాయంత్రం దాకా వస్తోందని పిల్ల కూడా మెచ్చుకుంది. నేను గర్వంగా చుట్టాలందరికీ చెప్పుకున్నాను. అప్పుడొచ్చింది జ్యూరీ.

ఆర్కిటెక్చర్ చదువులో టర్ము చివర జ్యూరీ అని ఉంటుంది. లెక్చరర్లూ, బయటి నుంచి వచ్చిన ఆర్కిటెక్టులూ కూర్చుంటారు. పిల్లలు తాము చేసిన డిజైన్ తెర మీద చూపించి వివరించాలి. నాలుగు నెలల కష్టం ఆ కాసేపట్లో తేలిపోతుంది. దానికోసం కంప్యూటర్లో ఇంటి బొమ్మని వెలుగు నీడలతో, ఫొటో తీసినట్లు తయారు చేస్తారు. దాన్ని రెండరింగ్ అంటారట. పిల్ల చేయాల్సింది చేసి మీట నొక్కాక, మిగతా పని కంప్యూటర్ ఒక్కటే కూర్చుని చేస్తుంది. పాత ఇటుక ఒక్కో బొమ్మా గంటలో ఇచ్చేసేది.

జ్యూరీకి ముందు రోజు సాయంత్రం 5 బొమ్మలు పెట్టుకుని కూర్చుంది. మొదటి పది నిమిషాలూ కొత్త లాప్‌టాప్ పరుగో పరుగు. ఆ తర్వాత నత్త నడక! అడుగు పెనంలా కాలిపోతోంది. లోపలి ఫ్యాను కుయ్యిమని ఒకటే గోల. నేను టేబుల్ ఫ్యాను తెచ్చి దానివైపు తిప్పి పెట్టాను. తెల్లవారుజామున 4 గంటలకి రెండు బొమ్మలే పూర్తయ్యాయి. పిల్ల కళ్ళల్లో నీళ్ళు. రైలు టైమైపోతోంది. ఉన్నవాటితోనే వెళ్ళింది.

అక్కడ మరో చిక్కు. ప్రొజెక్టరుకున్నది హెచ్‌డీఎంఐ కేబుల్. మా నాజూకు లాప్‌టాప్‌కి ఉన్నవి రెండు టైప్-సి కన్నాలు, ఇయర్‌ఫోన్‌కి ఒక చిల్లు. పోనీ బొమ్మలు పెన్‌డ్రైవ్‌లో వేసి వేరేవాళ్ళ దాంట్లో చూపిద్దామంటే, మామూలు పెన్‌డ్రైవ్ కూడా అందులో దూరదు! స్నేహితురాలి దగ్గర ఏదో కనెక్టరు దొరికేసరికి దాని వంతు దాటిపోయింది. చిట్టచివర పిలిచారు. అప్పటికి అందరూ అలసిపోయి ఉన్నారు. సగం బొమ్మలతో, వణుకుతున్న గొంతుతో చెప్పి వచ్చింది. తప్పలేదు గానీ, బొటాబొటీ మార్కులు.

ఇంటికొచ్చాక నన్ను ఒక్క మాట అంటే బాగుండేది. అనలేదు. "భుజం నొప్పైతే పోయిందిగా అమ్మా" అని, అన్నం తినకుండా పడుకుంది. మావారూ 'చెప్పానా' అనలేదు. వాళ్ళు అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ ఆదివారం మా అక్కగారబ్బాయి వస్తే, "నాకు అర్థమయ్యేలా చెప్పరా" అని కూర్చోబెట్టాను.

"పిన్నీ, కిటికీ లేని ఇరుకు వంటింట్లో పెద్ద పొయ్యి పూర్తి మంట మీద ఎంతసేపు పెట్టగలవు? ఉడుకు భరించలేక సిమ్‌లో పెట్టేస్తావు కదా. ఇదీ అంతే" అన్నాడు. లాప్‌టాప్‌లో పనంతా చేసే ప్రాసెసర్ పని పెరిగినకొద్దీ వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోవడానికి లోపల ఫ్యానూ, రాగి గొట్టాలూ, గాలి ఆడే చోటూ కావాలి. పలచటి దాంట్లో అంత చోటు ఉండదు. అందుకని కాలిపోకుండా తనను తానే సిమ్‌లో పెట్టుకుంటుందట. ఉత్తరం రాసుకోవడం, వీడియో చూడడం లాంటి చిన్న పనుల్లో ఆ తేడా తెలియదు. గంటల తరబడి మండే పనిలోనే బయటపడుతుంది.

ఇంకో రహస్యం కూడా చెప్పాడు. పెట్టె మీద ఐ7 అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ఇంటెల్ వారి 12, 13వ తరం ప్రాసెసర్లలో పేరు చివర 'యు' అని ఉంటే మామూలుగా 15 వాట్లు, 'పి' అయితే 28, 'హెచ్' అయితే 45 వాట్ల లెక్కన చేశారు. పలచటి వాటిలో ఎక్కువగా వేసేది మొదటి రెండు రకాలూ. కరెంటు తక్కువ తాగుతుంది కాబట్టి చార్జింగ్ ఎక్కువసేపు వస్తుంది, బలం ఆ మేరకు తగ్గుతుంది. ఒకే కంపెనీ ఒకే పేరుతో అమ్మినా చిన్న బర్నరూ పెద్ద బర్నరూ ఒకటవుతాయా?

కన్నాల సంగతీ అంతే. టైప్-సి కన్నం ఎత్తు రెండున్నర మిల్లీమీటర్ల చిల్లర. పాత యూఎస్‌బీ కొన ఎత్తే నాలుగున్నర. ఇంటర్నెట్ వైరు గుచ్చే లాన్ కొన అయితే మన చిటికెన వేలంత మందం. అంచు కత్తిలా చెక్కితే అవి ఎక్కడ పడతాయి? అందుకే తీసేస్తారు.

ఈ తీసివేతలు ఇవాళ మొదలైనవి కావట. 2008 జనవరిలో ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ మాక్‌బుక్ ఎయిర్‌ను ఒక కాగితపు కవరులోంచి తీసి చూపిస్తే లోకమంతా ముక్కున వేలేసుకుంది. దానికి ఉన్నది ఒక్కటంటే ఒక్క యూఎస్‌బీ. సీడీ పెట్టే చోటు లేదు, లాన్ వైరుకి దారి లేదు. 2015లో అదే కంపెనీ 920 గ్రాముల లాప్‌టాప్ తెచ్చింది. దానికి ఇయర్‌ఫోన్ చిల్లు కాకుండా ఒకే ఒక్క టైప్-సి. చార్జింగ్ పెడితే ఇంకేమీ గుచ్చడానికి లేదు! 2019లో దాన్ని ఆపేశారు. 2016లో తమ పెద్ద రకం మాక్‌బుక్ ప్రోలో కూడా హెచ్‌డీఎంఐనీ, కెమెరా కార్డు పెట్టే చోటునీ తీసేసి, 2021లో మళ్ళీ తెచ్చి పెట్టారు. అంత పెద్ద కంపెనీయే తీసినవి తిరిగి పెట్టుకుందంటే, తొందరపడ్డది నేనొక్కదాన్నే కాదన్నమాట. కాస్త మనసు తేలికపడింది.

అలాగని పలచటివన్నీ పనికిమాలినవని నేననడం లేదు. 2020 నవంబరులో వచ్చిన ఎం1 మాక్‌బుక్ ఎయిర్‌కి లోపల ఫ్యానే లేదు, అయినా మామూలు పనులకి చాలా చురుకు. గంటల తరబడి మోత మోగిస్తే మాత్రం అదీ నెమ్మదించేదే. వేడికి మనవాళ్ళూ పరాయివాళ్ళూ ఉండరు కదండీ!

చివరికి ఏం చేశామంటారా? 1,800 పెట్టి హబ్ అని ఒకటి కొన్నాం. ఒక చివర టైప్-సి, రెండో చివర హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ, లాన్ అన్నీ ఉంటాయి. మళ్ళీ కాటా తీశాను. లాప్‌టాప్ 1,190 గ్రాములు, చార్జరు 280, హబ్ 90, హార్డ్‌డిస్క్ 170, మౌస్ 80. మొత్తం కిలో 810. షాపు కుర్రాడు చెప్పిన కిలో 190 కాదు, కానీ పాత 3 కిలోల 100 కన్నా చాలా నయం. కాబట్టి తూచేటప్పుడు ఒంటరిగా తూచకండి, బ్యాగులోకి వెళ్ళేవన్నీ కలిపి తూచండి.

రెండరింగ్ కోసం 22,000 పెట్టి సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి తెచ్చి ఇంట్లో బల్ల మీద పెట్టాం. మోసేది ఒకటి, మోత మోగేది ఒకటి. తర్వాతి జ్యూరీకి 5 బొమ్మలూ రాత్రి పదకొండుకల్లా తయారయ్యాయి. పిల్ల కడుపునిండా తిని పడుకుంది. ఇప్పుడు అసలు తప్పేమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది. 6,000కి ఆశపడి ఆ పాత ఇటుకని ఇచ్చేయకపోతే, అదే బల్ల మీద కూర్చుని ఈ పని చేసిపెట్టేది! బయటికి మోయడానికి బరువైంది గానీ, దాని బలం ఎక్కడికీ పోలేదు. పాతది ఇచ్చేసే ముందు అది ఇంకెక్కడైనా పనికొస్తుందా అని ఆలోచించని నాది కదూ తప్పు?

మీ ఇంట్లో కొనబోతుంటే ముందు మూడు సంగతులు తేల్చుకోండి. మొదటిది, దాన్ని ఎవరు, ఎంత దూరం మోస్తారు? మా వదినగారి లాప్‌టాప్ పడగ్గది నుంచి హాల్లోకి తప్ప ఎక్కడికీ వెళ్ళదు. దానికి సన్నదనం కోసం డబ్బు పోయడం దేనికి? రెండోది, అది చేయబోయే పనుల్లో అన్నిటికన్నా బరువైన పని ఏది? వంటల వీడియోలు, బిల్లులు కట్టడం, అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడడం వరకే అయితే పలచటిది బంగారంలా సరిపోతుంది. వీడియోలు కూర్చడం, త్రీడీ బొమ్మలు లాంటివైతే కాస్త మందమైనదే మేలు. మూడోది, దానికి ఏమేం గుచ్చుతారు? ప్రింటరు, పెన్‌డ్రైవ్, టీవీ, ఇంటర్నెట్ వైరు, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని షాపుకి పట్టుకెళ్ళండి.

టైప్-సి కన్నాలన్నీ చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్నా గుణాలు వేరు. కొన్నిటిలోంచి బొమ్మ టీవీకి వెళ్తుంది, కొన్నిటిలోంచి వెళ్ళదు. అడిగి, వీలైతే అక్కడే గుచ్చి చూపించమనండి. అలాగే చాలా పలచటి వాటిలో ర్యామ్ లోపల అతికేసి ఉంటుంది. తర్వాత పెంచుకుందామంటే కుదరదు, కొన్న రోజే సరిపడా తీసుకోవాలి.

వచ్చే ఏడు మావాడు ఇంటర్ అయి ఇంజనీరింగ్‌లో చేరతాడు. "నాకూ అక్క దానిలాంటి స్లిమ్ముదే కావాలమ్మా" అని ఇప్పటి నుంచే మొదలుపెట్టాడు. వాడి చేతికి ఒక కాగితం, కలం ఇచ్చాను. "ముందు ఏమేం గుచ్చుతావో రాయి. తర్వాత కొనేది చూద్దాం" అన్నాను.

ఈసారి మాత్రం బోర్లించి అడుగు చూడందే కొనను. గిన్నెయినా సరే, లాప్‌టాపైనా సరే! ఏమంటారు?