ఆదివారం గుట్ట ఎక్కితే ఉద్యమం ఆగుతుందా?



పోయిన వారం భువనగిరి ఖిల్లా మీద పిల్లలతో దిగిన ఫొటో పెడితే, ఒక సీనియర్ కామ్రేడ్ ఇన్‌బాక్సులో అడిగిండు: "ఏందన్నా, పోరాటం పక్కకువెట్టి సాఫ్ట్‌వేరోళ్ల లెక్క గుట్టలెక్కుతున్నవ్?" ఆయనంటే నాకు గౌరవం. అందుకే ఒక్క ముక్కలో జవాబివ్వకుండా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆదివారం సంగతి. వీకెండ్ ఐటీ కంపెనీలు పుట్టించింది కాదు. బొంబాయి మిల్లుల్లో వారమంతా పని చేయించుకునే రోజుల్లో, జోతిరావు ఫూలే సహచరుడు, సత్యశోధక్ సమాజ్ మనిషి నారాయణ్ మేఘాజీ లోఖండే కార్మికులను కూడగట్టి ఏళ్ల తరబడి కొట్లాడితే 1890 జూన్ 10న ఆదివారం సెలవు వచ్చింది. ఆ సెలవు మన ఇళ్లకు ఎంతవరకు చేరిందన్నది వేరే లెక్క. మా అమ్మకు ఇప్పటికీ ఆదివారం లేదు. కూలి దొరికితే పని, దొరక్కపోతే పస్తు.

గుట్ట కూడా అంతే. అమ్మ మా ఊరి గుట్టకు కట్టెలకు పోయేది, సీతాఫలాల కాలంలో గంప నింపుకుని బస్టాండులో అమ్మేది. నేను సరదాకు ఎక్కుతున్నానని తెలిసి అడిగింది: "పైన ఏమున్నదిరా?" "ఏం లేదమ్మా, ఎక్కి దిగుతం." "ఉత్త చేతులతోనా?" చాలాసేపు నవ్వింది.

ఇక ఉద్యమం సంగతి. 1934లో ఉద్యమ కార్యకర్తలు కొందరు, ఎటైనా చూసొద్దాం, మీరూ రండి అంటే బాబాసాహెబ్ సరేనన్నాడు. దాదాపు ముప్పై మంది. ఎల్లోరా బౌద్ధ గుహలు చూడాలని బయలుదేరారు. దారిలో మన నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట. కులం తెలిస్తే ఇబ్బందని దారి పొడవునా దాచుకునే ప్రయాణం చేశారు. కోట ద్వారం దగ్గర చిన్న నీళ్ల తొట్టి నిండుగా ఉంటే, దుమ్ము కొట్టుకుపోయిన ముఖాలు, కాళ్లు కడుక్కున్నారు. తొట్టి మైల చేశారని ఒక ముసలాయన కేకలేసుకుంటూ వచ్చాడు, జనం మూగారు. చివరికి కోట చూడనిచ్చారు, లోపల ఎక్కడా నీళ్లు ముట్టొద్దన్న షరతు మీద. సాయుధుడైన సిపాయిని కాపలాగా వెంట పంపారు. ఇదంతా 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నాడు. (ఆ కేకలేసింది ముస్లిం గనుక ఈ కథను వాళ్ల మీద రాయిలాగా వాడేవాళ్లు అదే రచనలో హిందువుల సంగతి, పార్సీల సంగతి కూడా చదవాలి.)

కామ్రేడ్, చూడ్డానికి పోవడం తప్పయితే ఆ తప్పు బాబాసాహెబ్‌తోనే మొదలైంది.

నీళ్ల సంగతి పాతదనుకుంటున్నారా? మూడేళ్ల కింద ఒక గ్రూపుతో బండ ఎక్కడానికి పోయాను. గ్రూపు పేరు అక్కర్లేదు. బండ ఎక్కేటప్పుడు కింద ఒకరు తాడు పట్టుకుని నిలబడాలి. బిలే అంటారు. పైవాడు జారితే కిందివాడు తాడు ఆపాలి, అంతే, మధ్యలో ఇంకేమీ లేదు. నాకు జతగా ఒక కుర్రాడు పడ్డాడు, మంచి మాటకారి. పొద్దున రెండుసార్లు జారాను, రెండుసార్లూ ఆపాడు. అతను ఎక్కితే నేను పట్టాను. అతని సీసాలో నీళ్లే ఇద్దరం తాగాం.

తిండి దగ్గర "అన్నా, మీ ఇంటిపేరేంటి?" అన్నాడు. చెప్పాను. తేలలేదు. "ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?" అతను అడగాలనుకున్నది నేనే చెప్పేసి డబ్బా మూత తీశాను. జొన్నరొట్టె, అమ్మ వండిన పెద్దకూర. అతను ఒక్క మాట తప్పుగా అనలేదు. "ఇక్కడ ఎండొస్తోంది" అని లేచి ఇంకో చెట్టు కిందికి పోయాడు. వెనకే ఇంకో ఇద్దరు.

సాయంత్రం తాడు మీద దిగేటప్పుడు కింద పట్టింది మళ్లీ అతనే. సరిగ్గానే పట్టాడు. నా కాళ్లు నేలకు ఆనాక తాడు వదిలేసి, పక్కకు తిరిగి సీసాలో మిగిలిన నీళ్లు మట్టిలో పారబోశాడు.

అప్పటి నుంచి హాస్టల్ పిల్లలతో మా గుంపు మాదే. గుట్ట మానేసుకోవడం నాకు నచ్చలేదు, అంతే.

భువనగిరే ఎందుకంటే, ఒకే రాయిగా లేచిన ఆ బండకు కథలున్నాయి. 1708లో గీత కార్మికుల బిడ్డ సర్వాయి పాపన్న ఈ కోట మీద దండెత్తాడు. మన కాలంలో మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తాడు పట్టడం నేర్చింది ఈ బండ మీదే. నిజామాబాద్ జిల్లా గిరిజన బిడ్డ, ఖమ్మం జిల్లా దళిత బిడ్డ, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ ఫొటో చూపించి "కష్టపడితే ఎవరైనా ఎక్కొచ్చు" అని ఉపన్యాసమిచ్చేవాళ్లంటే నాకు పడదు. శిక్షకులు, డార్జిలింగ్‌లో కోర్సు, లద్దాఖ్ చలిలో సాధన, బూట్లు, తిండి... ఒక ప్రభుత్వ సంస్థ పూనుకుని డబ్బు పెడితే ఇవన్నీ వచ్చాయి. పిల్లల కష్టం దాని మీద నిలబడింది. ఇప్పుడు మీ హాస్టల్‌లో ఆటలకు ఎంత ఇస్తున్నారో వార్డెన్‌ను అడగండి.

వచ్చే ఆదివారం మళ్లీ పోతున్నాం. పొద్దున ఐదున్నరకు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర కలుద్దాం. పది దాటితే బండ కాలుతుంది, ఆలస్యం చేయొద్దు. చెప్పులు వద్దు, బూట్లు లేనివాళ్లు ముందే చెప్పండి, రెండు జతలు అదనంగా ఉన్నాయి. సెంటు కొట్టుకుని రావొద్దు, బండల్లో తేనెతుట్టెలుంటాయి. ఆడపిల్లలు కచ్చితంగా రండి, పోయినసారి నలుగురే వచ్చారు. డబ్బాలు తేవొద్దు. గంజు నిండా వండుకుని మేమే తెస్తున్నాం. నీళ్ల క్యాను ఒకటి, గ్లాసు ఒకటి.