పొడగరుల గోడు

మానవజాతిని పండితులు పలువిధాలుగా విభజించినారు. మా దృష్టిలో మాత్రం మనుష్యులు రెండే తెగలు: గుమ్మం దాటేటప్పుడు తల వంచవలసినవారు, వంచనక్కరలేనివారు. మేము మొదటి తెగకు చెందినవారము. మా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. ఇందులో మా ప్రయోజకత్వమేమీ లేదు. మా తండ్రిగారిదీ, తాతగారిదీ దాదాపు ఇదే ఎత్తు. అయినా ఈ ఎత్తును సాకుగా తీసుకొని లోకం మా తెలివిని గురించీ, తిండిని గురించీ, స్వభావాన్ని గురించీ మమ్మల్ని అడగకుండానే తీర్పులు చెప్పుతూ వచ్చినది. ఆ తీర్పుల నిజానిజాలను విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టినందువల్ల మాకు పరిహాసాలు కూడా రెండు భాషలలోనూ అందినవి. ఇంటిలో మేము ‘లంబూ’, బడిలో ‘తాడిచెట్టు’. రెండు రొట్టెలు తిని మూడవదాని కోసం చేయి చాపితే ‘ఊంట్ కే ముంహ్ మే జీరా’ అనేవారు, అనగా ఒంటె నోటిలో జీలకర్ర అని. లెక్కలలో మార్కులు తగ్గితే ‘వీడి బుద్ధి మోకాళ్ళలో ఉన్నది’ అని తెలుగు పంతులుగారు తేల్చేవారు. మా చచ్చాజాన్ ఒక అరబ్బీ పలుకు వినిపించేవారు: పొడగరులందరూ అవివేకులేనట, ఒక్క హజ్రత్ ఉమర్ తప్ప! ఇది హదీసు కాదు, జనం నోట తిరిగే చమత్కారం మాత్రమే. చెప్పిన తరువాత ఆయన మా వంక చూచి, ‘నువ్వు ఉమర్‌వు కావు గదా బేటా!’ అని నవ్వేవారు.

చచ్చాజాన్‌కు తాలూత్ రాజు కథ ఆ సమయాన జ్ఞాపకం వచ్చేది కాదు. ఆ రాజుకు దైవం జ్ఞానాన్నీ దేహపుష్టినీ రెండింటినీ సమృద్ధిగా ఇచ్చినట్లు ఖురాన్ చెప్పుతున్నది. ఇక శ్రీరాముణ్ణి మన కవులు ‘ఆజానుబాహువు’ అని కీర్తించినారు. అనగా చేతులు మోకాళ్ళను అంటేవాడు. చేతులు మోకాళ్ళ వరకు ఉంటే మహాపురుష లక్షణం, బుద్ధి మోకాళ్ళ వరకు దిగినదంటే మాత్రం నింద! అటువైపు ‘పొట్టివాడు గట్టివాడు’ అనే నానుడి ఉండనే ఉన్నది. మూడడుగులతో ముల్లోకాలను కొలిచిన వామనుడు దానికి సాక్షి. ఇట్లు లోకం రెండువైపులా సామెతలు సిద్ధం చేసుకొని, ఎదుట నిలిచినవాని కొలతను బట్టి ఒకదానిని తీసి వాడుకొంటున్నది.

శాస్త్రజ్ఞుల మాట వేరు. పెద్ద సంఖ్యలో మనుష్యులను పరీక్షించిన పరిశోధనలలో ఎత్తుకూ తెలివికీ స్వల్పమైన సంబంధం కనిపించినది. అదియును పొడగరులకు కొంచెం అనుకూలంగానే. అయినా మేము సంబరపడలేదు. ఆ సంబంధం ఎంత స్వల్పమంటే, ఒక మనిషి ఎత్తు చూచి అతని తెలివిని చెప్పబూనడం చిలకజోస్యంతో సమానం. ఆ కొద్దిపాటి సంబంధానికైనా బాల్యంలోని ఆహారమూ ఆరోగ్యమూ ఒక కారణమని అంటారు. కడుపునిండ తిని, జబ్బులపాలు కాని బిడ్డకు ఎముకా పెరుగుతుంది, మెదడూ పెరుగుతుంది. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో హాలండు దేశస్థులు ఐరోపాలో పొట్టివారి కోవలోనివారు. నేడు వారు ప్రపంచంలోనే పొడవైన జాతులలో ఒకటి. నూటయాభై ఏండ్లలో వారి సగటు ఎత్తు దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు పిల్లల ఎత్తులు కొలిచేది ఇందుకే: బిడ్డ ఎత్తు ఆ ఇంటి వంటపాత్ర ఎంతవరకు నిండినదో చెప్పుతుంది, అంతే.

రెండవ అపోహ ఆటలకు సంబంధించినది. మమ్మల్ని చూచినవారు ‘వాలీబాల్ బాగా ఆడతారు కాబోలు’ అని అడుగుతారు. మేము ఆ బంతిని వలకు తగిలించడంలో తప్ప దాటించడంలో ఏనాడూ సిద్ధహస్తులము కాలేదు. ఎత్తువారి ఆటగా పేరొందిన బాస్కెట్‌బాల్‌లోనే, 1987–88లో అమెరికాలోని వాషింగ్టన్ బుల్లెట్స్ జట్టులో 231 సెంటీమీటర్ల మనూట్ బోల్, 160 సెంటీమీటర్ల మగ్సీ బోగ్స్ కలిసి ఆడినారు. బోగ్స్ ఆ తరువాత కూడా చాలా ఏండ్లు ఆటలో రాణించినాడు.

మూడవది, పొడగరులు పుట్టుకతో నాయకులనీ, కాదు, గర్విష్ఠులనీ. లింకన్ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, నిజమే. కాని ఆ దేశపు రాజ్యాంగానికి పితామహుడనిపించుకొన్న మాడిసన్ అయిదడుగుల నాలుగంగుళాలవాడు. మన లాల్ బహదూర్ శాస్త్రిగారు పొట్టివారు; 1965 యుద్ధకాలంలో దేశం తలెత్తి ఆయన వంకే చూచినది. ఇక గర్వమంటారా, ఆర్.టి.సి. బస్సులో నిలబడి ములుగు నుండి హన్మకొండ వరకు ప్రయాణించే పొడగరికి గర్వించే అవకాశమే లేదు. మెడ వంగిపోయి ఉంటుంది.

మా ములుగు ప్రాంతంలో ఎత్తును గౌరవించిన చోట్లు కూడా ఉన్నవి. మేడారం జాతరలో భక్తులు తమ బరువుకు సరితూగే బెల్లాన్ని ‘నిలువెత్తు బంగారం’ పేరుతో సమ్మక్క సారలమ్మలకు సమర్పిస్తారు. పాలంపేటలో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి ఉన్నది. 2021లో అది ప్రపంచ వారసత్వ సంపదలో చేరినది. చూరుల క్రింద నల్లరాతిలో చెక్కిన మదనికలు సన్నగా, పొడవుగా, నిటారుగా నిలిచి ఉంటారు. అంత పొడవు చాలదన్నట్లు ఒక సుందరికి శిల్పి మడమలెత్తైన పాదరక్షలు కూడా తొడిగినాడు. అక్కడ మురిసిపోయిన మనమే, మన ఇండ్లలో పొడవైన ఆడపిల్లను చూచి ‘వరుడు దొరకడం కష్టమే’ అంటాము. ఆమె భుజాలు ముడుచుకొని, మెడ వంచి నడవడం నేర్చుకొంటుంది. మా తరగతులలో అట్టివారిని మేము చూచినాము.

ఇంతవరకు ఇతరుల తప్పులు ఎంచినాము. ఇక మా తప్పు చెప్పుకోవలెను.

కొన్నేండ్ల క్రిందట మా తరగతిలో ఒక పొడవైన విద్యార్థి చేరినాడు. మొదటి దినముననే ‘నీ వెనుకవారికి బోర్డు కనబడదు బాబూ’ అని అతనిని చివరి బెంచీకి పంపినాము. అడిగినదానికి జవాబు చెప్పక మౌనంగా నిలబడేవాడు. ఒకనాడు విసుగెత్తి, ‘తాడిచెట్టంత ఎదిగితే చాలునా? తలలో కూడా కొంత ఉండవలె’ అన్నాము. తరగతి గొల్లుమన్నది. మా పంతులుగారి మాట, ముప్పది ఏండ్లకు చేరువైన మా నోట, అక్షరం పొల్లుపోకుండా వెలువడినది! అతడు వారం దినాలు కళాశాలకు రాలేదు.

ఆ వారంలోనే జవాబుపత్రాలు దిద్దుతూ ఒక వింత గమనించినాము. మేము నోటితో చెప్పిన పాఠమంతా అతడు చక్కగా వ్రాసినాడు. నల్లబల్లపై గురులఘువులు గుర్తించి చూపిన గణవిభజన మాత్రం పూర్తిగా తప్పు. అతడు తిరిగి వచ్చిన తరువాత ప్రక్కకు పిలిచి, ‘బోర్డు కనబడుతున్నదా?’ అని అడిగినాము. తల వంచుకొని, ‘లేదు సార్. అయిదో తరగతి నుంచి చివరి బెంచీయే సార్’ అన్నాడు. కంటివైద్యుడు పరీక్షించి హ్రస్వదృష్టి అన్నాడు. దూరపుచూపు కొరవడింది అతని కంటిలోనే కాదు, మా బుద్ధిలో కూడా. ఆనాడు గురువులమైన మేమే లఘువులమైనాము.

అవమానం తరగతి ఎదుట జరిగినది గనుక క్షమాపణ కూడా తరగతి ఎదుటనే చెప్పినాము. కండ్లజోడు వచ్చినది. ముందు వరుసలో గోడ ప్రక్కన అతనికి చోటిచ్చినాము. వెనుకవారికి అడ్డమూ రాలేదు. అతడు ప్రథముడు కాలేదు. ఉత్తీర్ణుడైనాడు, పైచదువుకు పోయినాడు. కాని అయిదవ తరగతి నుండి అతడు పోగొట్టుకొన్న పాఠాలను ఏ కండ్లజోడు తిరిగి తెచ్చి ఇవ్వగలదు?

విద్యార్థులారా! పొడవూ పొట్టీ దేహానికి కొలతలు మాత్రమే. మీ మిత్రునికి పేరున్నది. ఆ పేరుతో పిలువండి. కళాశాల సమితి పెద్దలకు ఒక విన్నపం: ప్రతి సంవత్సరం తరగతులు మొదలుకాగానే పిల్లలందరికీ కంటిపరీక్ష చేయించండి. ప్రతి గదిలోనూ గోడవారగా కొన్ని ఎత్తైన బల్లలు వేయించండి. గుమ్మాల సంగతి అట్లే ఉండనివ్వండి. అక్కడ తల వంచడం మాకు అలవాటే.